పెనుకొండ కొండమీద గ్యాసులైట్లు

ఈ సంగతి నేను ఎత్తిన ప్రతిసారీ మావాళ్లు మాట మార్చేశారు. చెల్లెలైతే వక్కాకు పళ్లెం నా ముందుకు జరిపి లోపలికి పోయేది. మధ్యలో లేచి వెళ్లినవాళ్లు ఒక్కొక్కరూ నాకు గుర్తున్నారు. అందుకే ఇప్పుడు రాసి పెడుతున్నాను. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పడం లేదు.

మా నాయనకు హిందూపురం బజారులో గ్యాసులైట్లు బాడుగకిచ్చే అంగడి ఉండేది. యాభైల్లో చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లి జరిగినా, ఊరేగింపు జరిగినా మా లైట్లే పోయేవి. స్పిరిటు నీలిమంట, కిరసనాయిలు వాసన, మ్యాంటిల్ గుడ్డ తెల్లబడేటప్పుడు వచ్చే బుస్సుమనే చప్పుడు... ఆ వాసన ఎక్కడైనా తగిలితే ఇప్పటికీ నిలబడిపోతాను. గాలి వదిలే మర చేతికి కాలుతుందని నాయన ఒక తడిగుడ్డ కొసను పళ్లతో కరిచి పట్టుకునేవాడు. చేతికి ఎప్పుడు కావాలంటే అప్పుడు అందుతుంది కదా. ఆ అలవాటు నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

పనంతా నేర్పాడు, ఒక్కటి తప్ప. కొండమీద పెళ్లయితే మాత్రం తానే పోయేవాడు. "నువ్వు ఈడ్నే ఉండి అంగడి చూసుకో" అనేవాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నాయన పోయిన నాలుగేళ్లకు, అరవైల మొదట్లో, చెల్లెలు సుశీలకు ధర్మవరం సంబంధం కుదిరింది. వాళ్లది మగ్గాల ఇల్లు. పెనుకొండ కొండమీది నరసింహస్వామి ముందర పెళ్లి చేస్తానని నాయన మొక్కుకుని ఉన్నాడు. లగ్నం గోధూళి వేళకు పడింది.

నిశ్చయమైన వారంలోనే వాళ్లింట్లో ఎలుకలు పట్టు కొరికేశాయి. వరుడి మేనత్త ఆ తప్పు మా చెల్లెలి మీద వేసింది. తాళి కట్టేటప్పుడు దీపం ఆరిందంటే పిల్లను కొండమీదే వదిలి దిగుతామని అందరి ముందూ అనేసింది. అన్నంత పనీ చేసే మనిషే.

లైట్లకు గడ్డి చుట్టి, బస్సు పైన కట్టించి, సోమందేపల్లి మీదుగా తీసుకుపోయాను. కొండ కింద ఒకసారి వెలిగించి చూశాను. పాలలా వెలిగాయి. ఆర్పి పైకి మోయించాను.

పైన పొద్దు వాలుతుండగా మళ్లీ వెలిగించాను. కాసేపటికే మంటలు ఎర్రబడి గాజులకు మసి పట్టింది. మా ఊళ్లో లైటు మసకబారితే గాలి కొట్టడమే మందు. కొట్టాను. కొట్టేకొద్దీ పొగ ఎక్కువైంది. మేనత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏమప్పా, లైట్లు తెచ్చినావా, ఇటికెల బట్టీ తెచ్చినావా?" అంది. పీటల మీద సుశీల తల ఎత్తలేదు. అక్షింతలు పంచడం మొదలైంది.

నేను గుడి వాకిట్లోని లైటు దగ్గర కూర్చుని కొడుతూనే ఉన్నాను. వెనక మండపంలో లైట్ల గాలి వదులుతున్న చప్పుడు వినిపించింది. ఒకదాని తర్వాత ఒకటి. తిరిగి చూసేసరికి మండపంలోని లైట్లన్నీ తెల్లగా వెలుగుతున్నాయి. ఆ వెలుగులోనే సుశీల మెడలో తాళి పడింది.

వరుడి అన్న, అంటే నాకు బావ, మండపంలోంచి వచ్చి నా ముందరి లైటు మర కూడా కొంచెం వదులు చేశాడు.

"మీ పెద్దాయన చెప్పినాడప్పా. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పల్చనంట. కింద కొట్టినంత ఈడ కొడితే నూనె ఎక్కువై పొగ లేస్తాదంట."

ఏ పెద్దాయన అని అడిగాను.

"తడిగుడ్డ పండ్లతో కరుచుకోని ఉండ్లేదా, ఆయనే. నీ గురించి గూడా ఒక మాట అన్నాడులే. భోజనాలైనాక చెప్తా."

గుడి అంతా వెతికాను. అటువంటి మనిషి లేడు. లైట్లు మోసినవాళ్లంతా వయసువాళ్లే. అమ్మతో చెప్తే, ఆమె పోయి నాయన ఆనవాళ్లన్నీ ఒక్కొక్కటే అడిగింది. బావ అన్నిటికీ ఔనన్నాడు. ఆ మనిషి పోయి నాలుగేళ్లయిందని ఆమె చెప్పగానే ఆయన లేచి అవతలికి పోయాడు. విస్తరి ముందు కూర్చోలేదు. కొండ దిగుతూ నేను అడిగితే, తానెవరినీ చూడలేదన్నాడు.

ఆ తర్వాత కొండమీది పెళ్లిళ్లకు నేనూ గాలి తగ్గించే పెట్టాను. ఎప్పుడూ పొగ రాలేదు. ఆ కిటుకు తెలిసిన ముసలాయన ఎవరో దర్శనానికి వచ్చి, చెప్పి పోయాడేమో. మరి తడిగుడ్డ సంగతి? ఎంత ఆలోచించినా నాకు తేలలేదు.

నా బాధ దయ్యం గురించి కాదు. వచ్చింది నాయనే అయితే, వాకిట్లో కూర్చున్న కొడుకును పలకరించకుండా, నాకు చెప్పాల్సిన మాట పరాయివాడి దగ్గర వదిలిపోయాడు. బావ ఇప్పటికీ ధర్మవరంలోనే ఉన్నాడు. చెవులు బాగానే వినిపిస్తాయి. నేను పోతే మాత్రం నిద్రపోతున్నాడని చెప్పిస్తాడు.

బావా, చూశావా లేదా అని ఇంక అడగను. మా నాయన నా గురించి ఏమన్నాడు? తిట్టయినా సరే, చెప్పు.