కత్తెర మామ, ఇరుసు పట్టీ

కత్తెర మామ చేతిలో కత్తి ఎంత మెత్తగా నడుస్తుందో స్పానర్ అంత మొండికేస్తుంది. మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి గడ్డం గీయడం ఆయన పని. వాళ్లలో చాలామంది ఉండేది గుట్ట మీది వీధుల్లోనే. మోకాళ్లు మొరాయించడం మొదలయ్యాక ఆయన సైకిలు ముందు చక్రం తీసేసి, మోటారున్న చక్రం బిగించుకున్నాడు.

ఆ చక్రంతో పాటు డబ్బాలో ఒక ఇనుప పట్టీ కూడా వచ్చింది. దాన్ని టార్క్ ఆర్మ్ అంటారు. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పేటప్పుడు ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. అలా తిరక్కుండా దాన్ని, చక్రానికి రెండు పక్కలా దిగే ఫోర్కుకు కట్టిపడేసేదే ఈ పట్టీ. నట్లు బిగించాక ఇదెందుకులే అని మామ దాన్ని డబ్బాలోనే వదిలేశాడు. పోయిన వారం గుట్ట ఎక్కుతుంటే ఇరుసు గిర్రున తిరిగి, వైర్లను మెలిపెట్టి తెంపేసింది. చక్రం ఊడింది. మామ బోర్లా పడ్డాడు. ఊళ్లో అందరి గడ్డాలూ చూసే మనిషి తన గడ్డానికి కుట్లు వేయించుకున్నాడని బావమరిది ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

వైర్లు అతికించుకుని, ఆదివారం పొద్దున మామ ఆ పట్టీ పట్టుకుని వసారాలో కూర్చున్నాడు. మధ్యాహ్నానికల్లా గుట్ట మీద లారీ తాత ఇంటికి చేరాలి. పక్షవాతంతో మంచాన పడ్డ ఆ ముసలాయన, మామ తప్ప ఇంకెవరు కత్తి పట్టినా మొహం తిప్పేసుకుంటాడు.

పట్టీ రంధ్రంలోంచి వైరు చివరనున్న ప్లగ్గు దూరలేదు. సరేనని వైరు లేని వైపుకు మార్చాడు. అక్కడ ఇరుసే దూరలేదు. రంధ్రం అంచుల మీద రంగు దట్టంగా పేరుకుపోయి ఉంది. ఆకురాయి తీసి రుద్దాడు. దూరలేదు. మళ్లీ రుద్దాడు. మూడోసారి ఒళ్లు మండి, పళ్లు బిగబట్టి రుద్దాడు. ఈసారి పట్టీ సులువుగా జారి కూర్చుంది, కూర్చుని లొడలొడా ఊగింది.

"ఏమండీ, పట్టిందా?" భార్య లోపల్నుంచి అడిగింది.

"పట్టింది. పట్టి వదిలేసింది కూడా."

ఇనుప గేట్లు చేసే బావమరిది వచ్చి వేలితో కదిపి చూశాడు. "ఇంత వదులైతే ఇది ఉన్నా లేనట్టే బావా. రంగు గోకమంటే ఇనుము గోకావేంటి?"

"ఏది రంగో ఏది ఇనుమో నాకేం తెలుసు? నాకు తెలిసింది చర్మం, వెంట్రుక. నువ్వు వెల్డింగ్ పెట్టెయ్యి, పీడా పోతుంది."

"అల్యూమినియం ఫోర్కు, కరిగిపోతుంది. కొత్త పట్టీ తెచ్చుకో."

ఆదివారం కదా, దుకాణం మూసి ఉంది. మామ ఆకురాయిని గోడకేసి విసిరి, సంచీ భుజాన వేసుకుని కాలినడకన గుట్టెక్కాడు.

అప్పటికే ఆలస్యమైంది. తాతకు కూతురే గీయబోయిందట. ఒక చెంప నున్నగా, రెండోది ముళ్లకంపలా ఉంది. మామ నురుగు పెడుతూ రంధ్రాన్నీ, ఆకురాయినీ, బావమరిదినీ కలిపి తిట్టుకున్నాడు. తాత నోరు ఒక పక్కకి లాగుతూ కదిలింది.

"నవ్వకండి పెద్దాయనా, తెగుతుంది," అన్నాడు మామ కటువుగా.

మర్నాడు కొత్త పట్టీ తెచ్చాడు. ఈసారి గరుకు కాగితంతో రంగు మాత్రమే తీసి, సుత్తితో మెల్లగా కొట్టి దించాడు. బిగుతుగా కూర్చుంది. తీరా చూస్తే, పట్టీ రెండో చివరను ఫోర్కుకు కట్టే ఇనుప క్లిప్పు ఫోర్కు చుట్టూ తిరగడానికి చాల్లేదు. మళ్లీ దుకాణానికి వెళ్లి, తిట్టుకుంటూ పెద్దది తెచ్చాడు. బావమరిది పానా పట్టి బలంగా తిప్పి చూశాడు. ఇరుసు కదల్లేదు. టీ తాగి వెళ్లిపోయాడు.

మళ్లీ తాత వంతు వచ్చిన రోజున మామ సైకిలెక్కాడు. మలుపు వచ్చిన ప్రతిసారీ దిగి నట్టు తడిమి చూసుకున్నాడు. దీనికంటే నడిచే వస్తే ముందే చేరేవాణ్ణని విసుక్కున్నాడు. కానీ చక్రం ఊడలేదు. ఇరుసు వెంట్రుకవాసి కూడా తిరగలేదు.

తాత కూతురు తలుపు ఓరగా తీసింది. "అన్నా, నాన్నకి ఇప్పుడే నిద్ర పట్టింది. సాయంత్రం రాగలవా?"

గుట్ట దిగి మళ్లీ ఎక్కడమంటే, అన్ని మలుపుల్లోనూ మళ్లీ ఆ నట్టు తడమాలి. మామ సైకిలు గోడకు చేరేసి, సంచీ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు.