నది అవతల ఎవరూ లేరు

ఆదివారం సెలవని అందరూ అంటారు. కర్మాగారం కాలనీలో ఉన్న ఆ ఏళ్లలో నాకు మాత్రం వారంలో అన్నిటికంటే పొడుగైన రోజు అదే. డెబ్బైల మొదట్లో మాట. లింగంపల్లి దాటాక, బండరాళ్ల మధ్య కట్టిన ప్రభుత్వ కర్మాగారం మాది. మావారు ప్లాంటులో ఫోర్‌మన్, నేను డ్రాయింగు ఆఫీసులో టైపిస్టుని. వారమంతా ఆఫీసులో టైపు కొట్టి, ఆదివారం పొద్దున్నే కుళాయి నీళ్లు పట్టి, బట్టలు ఉతికి, పాపకి తలంటి, పప్పు పొయ్యి మీద పెట్టి ఊపిరి తీసుకునేసరికి, మావారు చేతిలో కాగితాలతో వంటింటి గుమ్మంలో నిలబడేవారు.

"సార్ పేజీలు పంపించారు. మధ్యాహ్నంలోగా స్టెన్సిల్ కొట్టేస్తావా? సాయంత్రం యుద్ధం ఉంది."

ఆ యుద్ధం రిక్రియేషన్ క్లబ్బులో, టేబుల్ టెన్నిస్ బల్ల మీద జరిగేది. సార్ అంటే మావారి పై అధికారి, సీనియర్ ఇంజినీరు. ఆయన శిక్షణ కోసం ఒక ఏడాది ఇంగ్లండులో ఉండి వచ్చారు. అక్కడ పెద్దవాళ్లు కూడా సీసపు సైనికుల్ని బల్ల మీద నిలబెట్టి, స్కేలుతో కొలిచి జరుపుతూ, పాచికలు వేసి యుద్ధాలు ఆడతారట. తిరిగొచ్చేటప్పుడు ఆయన ట్రంకు పెట్టెలో రెండు సైన్యాలూ, ఒక నియమాల పుస్తకమూ తెచ్చుకున్నారు. నియమాలు ఆ పుస్తకానివే గానీ, దేశాలు మాత్రం ఆయనవే. లోకంలో ఎక్కడా లేని ఒక ఖండాన్ని ఊహించి, పటం గీసి, దాంట్లో అయిదు రాజ్యాలు పెట్టారు. వాటి రాజవంశాలు, పగలు, పెళ్లిళ్లు, సరిహద్దు తగాదాలు అన్నీ ఇంగ్లీషులో రాసేవారు. నేను స్టెన్సిల్ కొడితే క్లబ్బులో సైక్లోస్టైల్ యంత్రం మీద ప్రతులు తీసి ఆటగాళ్లకి పంచేవారు. ప్రతి పేజీ నెత్తిన "అధికారిక చరిత్ర" అని పెద్ద అక్షరాల్లో ఉండాలి. దాని కింద రెండు గీతలు ఉండాలి. ఒక్క గీత కొడితే పేజీ వెనక్కి వచ్చేది.

ఆటగాళ్లు ఎనిమిది తొమ్మిది మంది ఉండేవారు, అందరూ మగవాళ్లే. సార్ మాట కాదనలేక వచ్చేవాళ్లు కొందరు, ఆట మీద మోజుతో వచ్చేవాళ్లు కొందరు. మావారు ఏ రకమో నేనెప్పుడూ అడగలేదు. ఆయనకి మాత్రం ఆ ఆట నిజంగానే ఇష్టమని తర్వాత తెలిసింది.

ఒక ఆదివారం మావారికి రెండో షిఫ్టు పడింది. అంతకు ముందు వారం ఆయన సైన్యం ఓడిపోయి, నది ఒడ్డున చిక్కుకుని ఉంది. ఆయన బదులు పాచికలు వేయమని నన్ను పంపించారు. పాపని చంకనేసుకుని వెళ్లాను. నడుము లాగేస్తోంది, తొందరగా అయిపోతే ఇంటికి పోదామని ఉంది.

"ఈ సైన్యాన్ని నది దాటించనా అండీ?" అన్నాను.

"దాటిస్తే చచ్చినట్టేనమ్మా," అన్నారు సార్. "నది అవతల ఎవరూ లేరు. తిండి దొరకదు. నియమం ప్రకారం సగం మంది పోతారు."

పటం మీద ఆ మూల తెల్లగా ఉంది. మధ్యలో ఆయన ముచ్చటైన చేతిరాతతో "నిర్జన ప్రదేశం" అని ఉంది.

"నది ఉంది కదండీ. నది పక్కన మనుషులు ఉండకుండా ఎలా ఉంటారు?" అన్నాను. వాదించాలని కాదు, నిజంగానే అనుమానం వచ్చింది.

అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వి, "సరే, ఎవరున్నారో మీరే చెప్పండి," అన్నారు.

చెప్పాను. పెద్దగా ఆలోచించలేదు. రోజూ కాలనీ నుంచి ఆఫీసుకి వెళ్లే బస్సు కిటికీలోంచి కనిపించే గుట్టలూ, వాటి సందుల్లో బిందెలతో నడిచే ఆడవాళ్లూ కళ్ల ముందున్నారు. అక్కడ రాళ్ల గుంటల్లో వాన నీళ్లు దాచుకునే జనం ఉన్నారన్నాను. వాళ్లకి రాజు లేడు. ఆకలితో ఎవరొచ్చినా అంబలి పోస్తారు, కానీ తాగినవాడు తన కత్తి అక్కడే వదిలి పోవాలి. ఆ ఇనుముతో వాళ్లు బావులు తవ్వే పలుగులు చేసుకుంటారు.

సార్ గడ్డం గోక్కుని, "అయితే సైన్యం బతికింది, కత్తులు పోయాయి. బాగుంది," అన్నారు. అప్పుడు ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు.

మర్నాడు ఆఫీసులో నా బల్ల దగ్గరికి డ్రాఫ్ట్స్‌మన్ ఒకతను వచ్చాడు. నాకంటే రెండేళ్లు చిన్నవాడు, ఊరు ఖాజాగూడ. ఆటలో అయిదో రాజ్యం అతనిది, అన్నిట్లోకీ చిన్నది. అంతకు ముందు ఏళ్ల ప్రత్యేక రాష్ట్ర ఉద్యమాల వల్ల క్యాంటీన్లో ఇక్కడివాళ్ల బల్లలు వేరు, కోస్తా నుంచి వచ్చిన మా బల్లలు వేరుగా ఉండేవి. పక్క పక్క గదుల్లోనే పనిచేస్తున్నా అతనూ నేనూ అంతవరకు ఒక్క మాట మాట్లాడుకోలేదు.

"అక్కా, మీరు చెప్పినోళ్లకు బొమ్మలు లేవు గద. నేను చేస్త," అన్నాడు.

చేశాడు. తమ ఊరి చెరువు మట్టితో, బొటనవేలంత మనుషుల్ని చేసి కాల్చి తెచ్చాడు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, ఒక మేక. సార్ సీసపు గుర్రాల పక్కన అవి మొరటుగా ఉన్నాయి. కానీ అందరూ వంగి వంగి వాటినే చూశారు.

ఆ తర్వాత కొన్ని నెలల పాటు ఆదివారం సాయంత్రాలు నన్ను పిలవకుండా ఆట మొదలయ్యేది కాదు. నది అవతల పెళ్లి ఎలా చేస్తారు, తగాదా వస్తే ఎవరు తీరుస్తారు అని అడిగేవారు. అంట్లు తోముతూ, బస్సులో నిలబడి వేలాడుతూ నేను వాటికి జవాబులు వెతుక్కునేదాన్ని. ఒళ్లు అలిసిపోయినా ఆ ఆలోచన మాత్రం అలిసేది కాదు. నా జీవితంలో నేను చెప్పింది పది మంది మగవాళ్లు మాటకి అడ్డు రాకుండా విన్నది అక్కడే.

చిక్కు మెల్లగా మొదలైంది. ఓడిపోతున్న ప్రతివాడూ సైన్యాన్ని నది దాటించడం మొదలుపెట్టాడు. పోనీ ఆ అవతలి నేలని జయిద్దామా అంటే, నియమాల పుస్తకం ప్రకారం రాజధాని పట్టుకుంటేనే గెలుపు. ఆ జనానికి రాజూ లేడు, రాజధానీ లేదు. సార్ రాసిపెట్టుకున్న యుద్ధాలు జరగడం మానేశాయి. పెద్ద రాజవంశం ఒకటి ఆ ఏడాది కూలిపోవాలని ఆయన ముందే నిర్ణయించుకున్నారట, అది కూలలేదు. ఆయన నవ్వడం తగ్గింది. నేను మాట్లాడుతుంటే నియమాల పుస్తకం తిరగేసేవారు.

ఒక ఆదివారం పొద్దున పేజీలు వచ్చాయి. యథాప్రకారం, క్లబ్బు వాళ్లు మా ఇంట్లో పెట్టిన టైపు మిషనులో స్టెన్సిల్ కాగితం సర్దుకుని టైపు మొదలుపెట్టాను. మొదటి పేరా వర్షాల గురించి. రెండో పేరా కొడుతుండగా నా వేళ్లు ఆగిపోయాయి. నది అవతల మనుషులున్నారన్నది, ఆకలితో మతి చలించిన సైనికుల భ్రమ అని ఉంది. అక్కడికి వెళ్లి వెతికిన దూతలకి రాళ్లు తప్ప ఏమీ కనిపించలేదట. ఇకపై ఈ విషయం మీద చర్చ ఉండదని కూడా రాశారు.

మావారు పక్కనే పేపరు చదువుతున్నారు. "ఇది చూశారా?" అన్నాను.

చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆట ఆయనది కదా," అన్నారు. పేపరు మడిచి, "నీకు కష్టంగా ఉంటే వద్దు. చెయ్యి నొప్పిగా ఉందని చెబుతాను," అన్నారు.

చెయ్యి నిజంగానే నొప్పిగా ఉంది. కానీ నేను కొట్టకపోతే ఇంకొకరు కొడతారు, తప్పులతో కొడతారు. ఉన్నది ఉన్నట్టు కొట్టాను. నెత్తిన రెండు గీతలు కొట్టాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి చల్లారిన కాఫీ తాగాను. ఏడుపు రాలేదు, ఊరికే నీరసం వచ్చింది.

సాయంత్రం వెళ్లకూడదనుకున్నాను. పాప క్లబ్బులో ఉయ్యాల కోసం మారాం చేస్తే వెళ్లాను. లోపల సార్ పేజీలు పంచారు. అందరూ చదివారు, ఎవరూ తలెత్తలేదు. ఆట మొదలైంది. డ్రాఫ్ట్స్‌మన్ వంతు వచ్చినప్పుడు అతను సంచిలోంచి మట్టి బొమ్మలు తీసి, తెల్ల మూల మీద ఒక్కొక్కటే నిలబెట్టసాగాడు.

"చదవలేదా నువ్వు?" అన్నారు సార్. "అక్కడ ఎవరూ లేరు."

"చదివిన సార్."

"మరి?"

"ఎవ్వరు లేరంటే ఎట్ల సార్? సర్కారు పటంల మా గుట్టల కాడ గూడ గిట్లనే ఏం లేదని రాసిండ్రు. మా తాత గక్కడనే మేకలు కాసిండు. మా అవ్వ గిప్పటికీ గా గుట్టలకెల్లే కట్టెలు తెస్తది. పటం గీసినోళ్లు ఒక్కసారన్న వచ్చి చూసిన్రా?"

గొంతు పెంచలేదు. మేకని కూడా దాని చోట పెట్టి చేతులు కట్టుకున్నాడు. పై అధికారితో అలా మాట్లాడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. సార్ మొహం ఎర్రబడింది. స్కేలు బల్ల మీద పెట్టి, "ఇవాళ్టికి చాలు," అని వెళ్లిపోయారు.

తర్వాత వారం మధ్యలో, చీకటి పడే వేళకి, సార్ మా ఇంటికి వచ్చారు. అంతకు ముందెప్పుడూ రాలేదు. మావారు కంగారుగా కుర్చీ మీది బట్టలు తీశారు. నేను కాఫీ ఇచ్చాను. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నారు.

"అమ్మా, మీరు బాగా చెబుతారు. నాకు కష్టంగా ఉన్నది అదే," అన్నారు. "ఇంగ్లండులో నాకు ఒక గది ఇచ్చారు. నాణెం వేస్తే కాసేపు వెలిగే గ్యాసు పొయ్యి. చలి. తెలుగు మాట వినపడేది కాదు. రాత్రి రొట్టె తింటూ ఒక రాజుని పుట్టించేవాణ్ణి. మర్నాడు వాడికో తమ్ముణ్ణి. అలా ఆ ఏడాది గడిచింది. ఆ ఖండంలో నాకు తెలియని మనిషి లేడు. ఇప్పుడు మీ వాళ్లు వచ్చారు. వాళ్లు ఏం చేస్తారో నాకు తెలియదు. రాత్రి పడుకుంటే ఆ మూల గుర్తొచ్చి భయమేస్తుందండీ. నవ్వకండి."

నేను నవ్వలేదు. అంత పెద్ద మనిషి మా ఇంటి ఇనప కుర్చీలో చిన్నగా కనిపించాడు. కోపంగా ఉండాలని ఆ ఆదివారం నుంచీ సిద్ధపడిన దాన్ని, ఆ కోపం ఎక్కడ పెట్టానో దొరకలేదు.

"వాళ్లని తీసేయండి సార్," అన్నాను. "మీ ఖండం మీది. కానీ భ్రమ అనొద్దు. లేరనొద్దు. తెలియదనండి. మీరే అంటున్నారు కదా, తెలియదని."

ఆయన గ్లాసు కింద పెట్టి, కాఫీ బాగుందని చెప్పి వెళ్లారు.

ఆ నెల పేజీల్లో ఒక్క వాక్యం మారింది. "నది అవతలి సంగతి ఈ చరిత్రకు తెలియదు." ఇంగ్లీషులో రాసిన ఆ వాక్యాన్ని నేనే టైపు కొట్టాను. కొత్త పటంలో ఆ మూల మీద ఏ అక్షరాలూ లేవు. డ్రాఫ్ట్స్‌మన్ మీద ఏ చర్యా రాలేదు. సైన్యాలు నది దాటడం మాత్రం నిషేధమైంది. నన్ను సాయంత్రాలు పిలవడం మానేశారు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం విశ్రాంతి దొరికింది. దొరికిన విశ్రాంతితో ఏం చేయాలో తోచక, మంచం మీద కూర్చుని పాత చీరలకి ఫాల్ కుట్టేదాన్ని.

ఆట ఇంకో ఏడాది నడిచి నీరసించిపోయింది. కూలాల్సిన రాజవంశం కూలింది గానీ, చూడ్డానికి నలుగురే మిగిలారు. తర్వాత సార్‌కి బదిలీ అయింది. సైనికుల్ని పత్తిలో చుట్టి ట్రంకులో పెట్టుకోవడానికి మావారే సాయం చేసి, ఇంటికొచ్చి పాత పేజీలన్నీ మొదటి నుంచి చదువుతూ కూర్చున్నారు.

ఆ తర్వాత ఒక సాయంత్రం, ఆఫీసు అయ్యాక బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆ రోజు పాపని ఆస్పత్రికి తీసుకెళ్లాలి. డ్రాఫ్ట్స్‌మన్ సైకిలు నడిపించుకుంటూ వచ్చి ఆగాడు.

"అక్కా, మీ నది అవతలోళ్ల ముచ్చట ఇప్పుడు మా ఇంట్ల మా అవ్వకు చెప్తున్న," అన్నాడు. "మా అవ్వ ఏమన్నదో ఎరుకేనా? రాజు లేకుంటే నడవది, ఒక పెద్దమనిషన్న ఉండాలె అన్నది. ఇగ నేనొక ముసలామెను పెట్టిన. పంచాయితీ ఆమెనే చెప్తది. కత్తులు కూడ అందరియి తీస్కోదు. మంచోడైతే ఇడుస్తది."

నాకు చివుక్కుమంది. అలా కాదు అనబోయాను. వాళ్లలో పెద్దా చిన్నా లేరు, కత్తి అందరూ వదలాల్సిందే, అసలు కథంతా దాని మీదే నిలబడి ఉంది. నోటిదాకా వచ్చింది. అతను చెప్పుకుపోతున్నాడు, ఆ ముసలామె పేరు, ఆమె చుట్ట కాల్చే తీరు, ఎవరినో ఆమె తిట్టిన తిట్టు. మొహం వెలిగిపోతోంది.

"బాగుందా అక్కా?" అన్నాడు.

"తర్వాత ఏమైంది?" అన్నాను.

బస్సు వచ్చింది. ఎప్పటిలాగే నిండుగా ఉంది. ఎక్కి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కింద నుంచి అతను ఇంకా ఏదో చెబుతున్నాడు, ఇంజను చప్పుడులో సగమే వినపడింది.