బాబాయిగారు వెళ్ళని కంబోడియా

అమలాపురం నుంచి నలభై మంది కలిసి కంబోడియా వెళుతున్నారనీ, అక్కడి పాడుబడ్డ గుళ్ళన్నీ చూపిస్తారనీ నాకు మొదట చెప్పింది మా తోడికోడలు. పోయిన వారం కొబ్బరి దింపు చూడటానికి వచ్చి, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే, "మీరూ రండక్కా, ఇంకా సీట్లున్నాయంట" అంది. సరేననబోయి ఆగిపోయాను. ఆ దేశం పేరు వింటే నాకు మా బాబాయిగారే గుర్తొస్తారు.

మా నాన్నగారి తమ్ముడాయన. రాజోలులో నలభై ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపారు. చిన్నతనంలో జబ్బుమనిషినని నన్ను బడికి పంపకపోతే, ఫొటోలు పెట్టే ఖాకీ కవర్ల మీద అక్షరాలు రాసి దిద్దించింది ఆయనే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే స్వామి దయ, బాబాయిగారి ఓపిక. ఏదో పాత క్యాలెండరులో చెట్టువేళ్ళు చుట్టేసుకున్న కంబోడియా గుడిగోడ బొమ్మ చూసి, చింపి, స్టూడియోలో చీకటిగది తలుపుకి అంటించుకున్నారు. "పెళ్ళివారు అమ్మాయి తెల్లగా రావాలంటారమ్మా. రాళ్ళు అలా అడగవు. ఎండ ఎలా పడితే అలా నిలబడతాయి" అనేవారు.

డెబ్బయ్యో ఏట స్టూడియో మూసేసి, ఇక ఆ రాళ్ళని ఫొటోలు తీసి తీరాలన్నారు. అంతవరకూ విమానం ఎక్కి ఎరగరు. కెమెరా స్టాండు పట్టుకోవడానికి నన్ను తోడు రమ్మన్నారు. ఇద్దరికీ పాస్‌పోర్టులు వచ్చాయి. రోజూ అరుగు మీద కూర్చుని, ఏ గోడ మీద ఏ వేళకి ఎండ పడుతుందో ఆయన కాగితం మీద గీసేవారు. పొడులూ పచ్చళ్ళూ ఏవి పట్టుకెళ్ళాలో నేను ఆలోచించేదాన్ని. మా పిన్ని గుమ్మంలోంచి, "వంటింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలీదు గానీ, పరాయి దేశంలో రాళ్ళెక్కడున్నాయో తెలుసండీ ఈయనకి!" అని దెప్పేది. ఆయన నవ్వి, గీతలు గీస్తూనే ఉండేవారు.

టికెట్లు తీయడమే తరువాయి. అడ్డం పడింది నేనే. మావైపు పెద్ద పని తలపెడితే వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుంటాం. వరసగా వెళ్ళి ప్రదక్షిణలు చేయాలి. ఒక్క వారం తప్పితే మళ్ళీ మొదటి వారమే.

"స్వామికి నేను చెప్పుకుంటాన్లేమ్మా, టికెట్లు తీసేద్దాం."

"తప్పు బాబాయిగారూ. వెయ్యేళ్ళ నాటి రాళ్ళు, ఏడు వారాల్లో ఎక్కడికి పోతాయండీ?"

"ఆయ్, అలాగే కానీ" అన్నారు. నేను రాళ్ళ వయసు చూశాను గానీ ఆయన వయసు చూడలేదు.

ఐదో వారం గోదావరి పొంగి రోడ్డు మీదికొచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఆరో వారానికి బాబాయిగారి దాయాదుల కోడలు ప్రసవించి, గుడికి వెళ్ళకూడని పురుడొచ్చింది. "వచ్చీ రావడంతోనే నా కాలికి అడ్డం పడ్డాడే!" అని నవ్వారు, ఆ పసివాణ్ణి చూడకుండానే. నేను మాత్రం పట్టు విడవలేదు. మూడోసారి, మూడో శనివారం పొద్దున్న గుడికి బయల్దేరుతూ చొక్కా బొత్తాం పెట్టుకుంటుంటే ఆయన కుడిచెయ్యి జారిపోయింది. పక్షవాతం. కెమెరా మీట నొక్కే చెయ్యి మళ్ళీ లేవలేదు. నన్నొక్క మాట అనలేదు. "నువ్వెళ్ళి తీసుకురామ్మా, చూస్తాను" అని ముద్దముద్దగా చెప్పేవారు. ఆ స్థితిలో ఆయన్ని వదిలి ఎలా వెళ్ళను? మరుసటి వానాకాలంలో ఆయనే వెళ్ళిపోయారు.

స్వామిని నేనేనాడూ తప్పుపట్టలేదు. ఎన్నో ఇచ్చాడు, అలాంటి బాబాయిని ఇచ్చాడు. మనసులో దణ్ణం పెట్టుకుని బయల్దేరినా ఆయన కాదనడు. ఆగమన్నది నేను. నిన్న మా తోడికోడలికి నా పేరు రాయించుకోమని చెప్పాను. ఈసారి ఏ మొక్కూ మొక్కలేదు.

ఫొటోలు తీయడం నాకు సరిగా రాదు. మీకు వచ్చే ఉంటుంది. ఎప్పుడైనా అలాంటి పాతగోడ ముందు నిలబడి, దాని మీదికి ఎండ వచ్చేదాకా ఆగవలసి వస్తే, కాలం ఆయనకివ్వని ఆ కాసేపట్లో మా బాబాయిగారిని ఒక్కసారి తలుచుకోండి.