చర్చా పేజీలో అడిగితే ఇంటికొచ్చిన జవాబు

ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో నేను మారుపేరుతో రాస్తాను. మా ప్రాంత నాయకుడొకరి పేజీలో ఆయన పాత కేసు సంగతి ఎవరో మాటిమాటికీ తీసేస్తుంటే, నిన్న చర్చా పేజీలో మర్యాదగానే అడిగాను: "ఆయన మీకేమవుతారు? చుట్టరికం ఉంటే చెప్పి రాయడం ఇక్కడి నియమం."

ఈ మధ్యాహ్నం నరసరావుపేటలో మా ఇంటికి ఒకతను వచ్చాడు. చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"ఆయన మా మావగారు బాబాయ్. నిన్న అడిగారుగా, చెప్పిపోదామని వచ్చా."

"అడిగింది నేనని ఎట్టా తెలిసింది?"

"అదే మారుపేరుతో అక్కడ దుర్గి శిల్పాల ఫొటో పెట్టింది మీరేగా. అందులో మీ స్కూటర్ నంబరు చానా బాగా పడింది."

మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, వెళ్తూ వెళ్తూ స్కూటర్ సీటు మీద నెమ్మదిగా తట్టాడు.

నియమం అతను పాటించాడు. నేను తిరిగి పెట్టిన కేసు సంగతి పేజీలో ఇంకా ఉంది. ఉంచమంటారా?