నాలుగు మైళ్ళ ఇంగ్లీషు

పోయినవాటిని ముందుగా లెక్కపెడతాను, అది నా అలవాటు. అట్ట ఊడిన ఇంగ్లీషు వాచకం ఒకటి, లెక్కలు వేసుకున్న పలకలు రెండు, పట్టీ తెగినప్పుడల్లా కుట్టించుకుంటూ మూడేళ్ళు తొడిగిన చెప్పుల జత ఒకటి, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పెకలించి పారేసిన మైలురాళ్ళు నాలుగు, వీటన్నిటి పైన ఒక స్నేహితుడు. మొదటి ఎనిమిదీ కాలం తీసుకుపోయింది, వాటి మీద నాకు పెద్ద బెంగ లేదు. చివరిది మాత్రం చేజేతులా పోగొట్టుకున్నాను.

ఈ లెక్క ఇప్పుడెందుకు వేశానంటే, ఇంగ్లీషు విని అర్థం చేసుకునే పరీక్ష ఉందని మొన్న మా చిన్నమ్మాయికి బడిలో ఒక క్యాసెట్టు ఇచ్చి పంపారు. ఆ పిల్ల దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి విసిగిపోతుంటే, పక్కన పేపరు చూసుకుంటున్న నేను ఐదు ప్రశ్నలకూ జవాబులు చెప్పేశాను. "నాయనా, నువ్వు చదివింది ఎస్సెల్సీయే గదా, ఈ మాటలు నీకెట్ల తెలిసినాయి?" అని ఆశ్చర్యపోయింది. ఎవరో నేర్పారులే అని తప్పించుకున్నాను గానీ, ఆ 'ఎవరో' అన్న మాట నాకే గుచ్చుకుంది.

మన రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి, మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. పెద్దారవీడు పోయే దారిలో, మార్కాపురానికి సరిగ్గా నాలుగు మైళ్ళలో మా ఊరు. మాది గొర్రెలు కాచుకునే ఇల్లు కాబట్టి, పొద్దున మందను వదిలేటప్పుడు తలలు లెక్కపెట్టడంతోనే నాకు లెక్కలు అబ్బాయి తప్ప ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మా ఊరి నుంచి హైస్కూలుకు నడిచి పోయేవాళ్ళం ఇద్దరమే. రెండోవాడు, మేము బంగళా అత్త అని పిలిచే ఆమె కొడుకు. చర్చి పక్క పేటలో ఉండే ఆమె రోజూ మార్కాపురం పోయి దొరల బంగళాలో వంట చేసేది. ఊళ్ళో వరసలు కులం చూసుకుని కలిసేవి కావు గనక ఆమె నాకు అత్త, అతను నాకు బావ. పసితనంలో ఆ బంగళా వసారాలో దొరసాని మాటలు వింటూ పెరిగినవాడు కావడంతో ఇంగ్లీషు అతని చెవుల్లోనే ఉండేది. లెక్కలంటే మాత్రం జ్వరం వచ్చినవాడిలా అయిపోయేవాడు.

ఎస్సెల్సీ చదివే ఏడాది దసరా సెలవుల తర్వాత హెడ్మాస్టరుగారు ఒక సంగతి చెప్పారు. హాస్టల్లో ఒక సీటు ఖాళీ అయింది, డిసెంబరులో ఇనస్పెక్టరుగారు వచ్చి ఇంగ్లీషులో ఒక పాఠం ఒక్కసారే చదువుతారు, విని జవాబులు రాయాలి, దానికి ఇరవై అయిదు మార్కులు. లెక్కలకు మరో ఇరవై అయిదు. రెండూ కలిపి ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళకే సీటు. మా ఇంగ్లీషు అయ్యవారు ఒక్కో వాక్యాన్నీ మూడేసిసార్లు, తెలుగు చదివినట్టే చదివేవారు. ఇనస్పెక్టరుగారిదేమో మద్రాసు చదువు, దొరల్లాగే మాట్లాడతారని విన్నాం. మూడు పూటలా తిండి, చదువుకోవడానికి దీపం, నడక తప్పడం — ఆ సీటు మా ఇద్దరికీ కావాలి.

ఆ సాయంత్రం దారిలోనే ఒప్పందం చేసుకున్నాం. పరీక్ష దాకా రానూ పోనూ అతను నాకు ఇంగ్లీషు చదివి వినిపించాలి. ఆ తర్వాత మార్చిలో పబ్లిక్ పరీక్షల దాకా, నేను ఎన్ని మైళ్ళు విన్నానో అన్ని మైళ్ళూ అతనికి లెక్కలు చెప్పాలి. రెండు నెలల్లో లెక్కలు తనకు ఎలాగూ ఎక్కవనీ, మార్చిలో గట్టెక్కితే చాలనీ ఆ వరస అతనే పెట్టాడు. సీటు ఎవరికి వచ్చినా ఒప్పందం ఒప్పందమే. నేను ముందు నడవాలి, అతను వెనక నడుస్తూ చదవాలి. ఒక మైలురాయి నుంచి ఇంకో రాయి దాకా పాఠం, ఆ పై రాయి దాకా ప్రశ్నలు. పెదవులు చూసి పోల్చుకుంటానని తిరిగి చూడనిచ్చేవాడు కాదు. "ఏంది బావా, తిరుగుతావు? ఇనస్పెక్టరు నీ మూతి ముందరికొచ్చి చదువుతాడా?" అని వీపు మీద చరిచేవాడు. ఒకసారి మేకలు తోలుకుని ఎదురొచ్చిన తాత ఒకాయన ఆగి, "ఏందిరా, ఎనకోడు అట్ల తిడతావుంటే ముందోడు ఊఁ కొట్టుకుంటా పోతుండాడే!" అన్నాడు. "తిట్టడంలా తాతా, సీటు ఇప్పిస్తుండా" అన్నాడు మా బావ.

మొదటి వారం నాకు ఒక్క ముక్క తెలియలేదు. మాటలన్నీ కలిసిపోయి మంద పరుగెత్తినట్టుండేది. గొర్రెల్ని విడివిడిగా పోల్చుకున్నట్టే మాటల్ని పోల్చుకోవడం నెమ్మదిగా పట్టుబడింది. దారి చివర మార్కాపురం పలకల గనుల రాతిచెత్త కుప్పలు కనిపించేసరికి రోజూ అతని గొంతు బొంగురుపోయేది. నీళ్ళు తాగి, మళ్ళీ సాయంత్రం మొదలుపెట్టేవాడు.

పరీక్షలో అతనికి వినడంలో ఇరవై నాలుగు, నాకు ఇరవై ఒకటి వచ్చాయి. లెక్కల్లో నాకు ఇరవై అయిదు, అతనికి ఆరు. ఫలితం తెలిసేలోపు పదకొండు రోజులు నా ఒప్పందం నేను జరుపుకున్నాను. సీటు నాదని తేలిన రోజు అతనే నా సంచి మోశాడు. మా నాయన మాత్రం ఒకే మాట అన్నాడు: "సీటు నీకొచ్చింది గానీ, నోరు నొప్పి పుట్టింది ఆ పిల్లోడిదిరా. మర్చిపోవద్దు."

హాస్టల్లో చేరడంతో నా నడక ఆగిపోయింది. నడక ఆగితే ఒప్పందం జరిగే చోటే లేకుండా పోయింది. ఆదివారాలు ఊరికి వస్తానన్నాను, ఒక్క ఆదివారం వెళ్ళాను. చర్చి అరుగు మీద కూర్చుని ఆ పూట చెప్పింది నాలుగు మైళ్ళ కింద రాసుకున్నాను, ఎక్కువే రాసుకున్నానేమో. ఒక సాయంత్రం అతనే బడి వదిలాక పలక పట్టుకుని హాస్టలు గేటు దగ్గరికి వచ్చాడు. "అయిదుగురు ఎనిమిది దినాల్లో తవ్వే గుంతంట బావా. మా నాయనైతే ఒక్కడే తవ్వి, కూలి అడగను గూడా మర్చిపోతాడు" అని నవ్వాడు. నేను కొత్త స్నేహితులతో బంతి ఆడుతున్నాను. వాళ్ళ ముందు, చిరిగిన చొక్కాతో వచ్చిన అతన్ని బావా అని పిలవడానికి నామోషీ అనిపించింది. రేపు రమ్మన్నాను. మర్నాడు వచ్చాడు. ఊళ్ళోకి పోయానని ఒకడితో చెప్పించి గోడ వెనక నిలబడ్డాను. "లేడా? సరేలే, చదువుకోనీ, మళ్ళొస్తా" అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది. మళ్ళీ రాలేదు.

మార్చిలో అతను ఇంగ్లీషులో బడికే మొదటివాడు. లెక్కల్లో ఆరు మార్కులు తక్కువై తప్పాడు. మళ్ళీ కట్టడానికి ఇంట్లో వీలుపడలేదు. దొనకొండ వైపు రైలు పట్టాల పనికి పోయాడని విన్నాను. ఆ తర్వాత ఒక్కసారే, చాలా ఏళ్ళకు, మార్కాపురం బస్టాండులో ఎదురుపడ్డాడు. నేను ఏదో చెప్పబోతే భుజం తట్టి, "లెక్కలు నేర్చుకున్నాలే బావా. కూలి ఎగ్గొడితే పట్టుకునేంత వచ్చు" అని బస్సెక్కేశాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇప్పుడు ఆ దారిలో ఎవరూ నడవరు. పావుగంటలో ఆటో చేరుస్తుంది, ఆ ఇంజను హోరులో పక్కవాడి మాట కూడా వినబడదు. ఒకరి చదువుకు ఇంకొకరు గొంతు అరగదీసుకునేంత తీరికా దూరమూ ఎవరికీ లేవు. నా లెక్క మాత్రం అట్లాగే ఉంది. అతను చదివి వినిపించింది నలభై ఏడు రోజులు, రోజుకు ఎనిమిది మైళ్ళు. జ్వరంతో అతను మధ్యాహ్నమే ఇంటికి పోయిన ఒక రోజు తిరుగు నడక తీసేస్తే మూడువందల డెబ్భై రెండు. నేను తీర్చింది పదకొండు రోజులకు ఎనభై ఎనిమిది, ఆదివారానికి నాలుగు. ఇంకా బాకీ, రెండువందల ఎనభై మైళ్ళు.