మస్తాన్‌బీ మాటలో సగం

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులోనే ఉండిపోయింది. దాన్ని మోసీ మోసీ అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో నరసరావుపేటలో డిగ్రీ చదివేదాన్ని. నయంకాని జబ్బుతో నరకం పడుతున్న మనిషి తానే కోరితే, ప్రాణం పోయే మందు డాక్టరు ఇవ్వవచ్చా? జనం ఏమనుకుంటున్నారో తెలుసుకురమ్మని మా లెక్చరర్ మమ్మల్ని ఇంటింటికీ పంపారు. ఒకరి జవాబు ఇంకొకరికి చెప్పకూడదని మరీ మరీ హెచ్చరించారు.

పిడుగురాళ్లలో సైదా అనే ఆయన సున్నపు బట్టీ పనిలో ఊపిరితిత్తులు చెడి మంచాన పడి ఉన్నాడు. అతని భార్య మస్తాన్‌బీని వాకిట్లో అడిగాను.

"ఆయనే నోరు తెరిచి అడిగితే ఇవ్వచ్చమ్మా," అంది. "నేను మాత్రం అడగనీను. ఎట్టున్నా నాకు మనిషి ఉండాల."

లోపలికి వెళ్లి సైదాను అడిగాను. దగ్గుతూ పైకప్పు వైపు చూశాడు. అతని జవాబు కూడా రాబట్టాలన్న ఆత్రంలో, "మీ ఆవిడ ఇవ్వవచ్చనే చెప్పింది," అన్నాను. అతను నన్ను ఒకసారి చూసి గోడవైపు తిరిగాడు.

తర్వాతి వారం వాళ్ల పక్కింటికి వెళితే మస్తాన్‌బీ ఎదురొచ్చింది. తను ఇస్తే సైదా మందు తాగడం లేదట. ఆయన చెల్లెలు వచ్చి ఇస్తేనే తాగుతున్నాడట.

"ఆయనకేమన్నా చెప్పావా అమ్మాయ్?"

"లేదక్కా. నేనేం చెప్పలేదు."

నమ్మింది. జబ్బు మనిషి కదా, ఏదో అలిగి ఉంటాడులే అని తిరిగి నాకే సర్దిచెప్పింది.

అప్పుడే లోపలికి వెళ్లి ఆమె అన్న మిగతా సగం చెప్పి ఉంటే? ఎందుకు చెప్పలేదు? లెక్చరర్ తిడతారనా? కాదు. మంచిపిల్లననే పేరు ఆ వాకిట్లో పోతుందని, అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటుందేమోనని ఇన్నేళ్లూ నాలో వెతుక్కున్నాను, దొరకలేదు.

ఆ చలికాలం సైదా పోయాడు. తన చావు ఆమెకు సమ్మతమే అనుకుంటూ పోయాడు. ఎందుకు దూరం పెట్టాడో తెలియక ఆమె మిగిలింది. తర్వాత మాచర్లలో కూతురి దగ్గరికి చేరిందని తెలిసినా నేను వెళ్లలేదు. ఆమె కూడా పోయిందని విన్న రోజున ఏడుపుకంటే ముందు నాకు ఊరట కలిగింది. అదీ చెప్పాలి.

సైదాతో అన్నది నేనే. సగమే అన్నాను. ఆపైన అనలేదన్నాను. ఇప్పుడు చెప్పినంత మాత్రాన తప్పు తగ్గలేదు. దాచే పని మాత్రం తప్పింది.