రొయ్యల చెరువు వల

ఆ వేసవిలో మా అత్తగారు పెట్టను పొదగేస్తే పదకొండు పిల్లలయ్యేయి. వారం తిరక్కుండానే నాలుగింటిని గద్ద తన్నుకుపోయింది.

రాజోలు దగ్గర మా పెరడంతా కొబ్బరిచెట్లే. ఆవిడ మోకాళ్ల నొప్పులతోనే అరుగు మీద కూర్చుని, పైన రెక్క కదిలితే చాలు “హుష్” అని అరిచేవారు. నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి ఆవిడ గొంతు బొంగురుపోయి ఉండేది. చూడలేక, మా తమ్ముడు రొయ్యల చెరువు మీద పక్షులు వాలకుండా కట్టే నైలాన్ వల పాతదొకటి తెప్పించి, చెట్టుకీ చెట్టుకీ మధ్య కట్టించేను.

“ఇన్నేళ్లూ గంప కింద మూసే సాకేను కదే అమ్మాయ్” అన్నారావిడ.

“ఇంక మీరు అరవక్కర్లేదండీ” అన్నాను గొప్పగా.

ఆదివారం పొద్దున్న పెట్ట ఒకటే గోల. వెళ్లి చూస్తే గద్ద వలలో తలకిందులుగా వేలాడుతోంది. కొట్టుకున్న కొద్దీ దారం రెక్కలోకి దిగిపోతోంది. పైన ఇంకో గద్ద అరుస్తూ తిరుగుతోంది.

“కత్తి తెచ్చి వల కోసెయ్యవే” అన్నారు అత్తగారు.

“కాసేపు ఉండనివ్వండి. బుద్ధొస్తే మళ్లీ ఇటు రాదు.”

ఆ గోళ్లంటే భయం కూడా ఉంది. కానీ ఆ మాట అనిపించింది భయం కాదు, కసి. వంటింట్లోకి వెళ్లి అన్నం వార్చేను, పులుసు పెట్టేను. పెరట్లోంచి చప్పుడు తగ్గుతూండడం వినిపిస్తూనే ఉంది. గంట దాటేక వచ్చి చూద్దును కదా, ఆవిడ చేత్తో కత్తి పట్టుకుని, ఆ కాళ్లతో స్టూలెక్కబోతున్నారు. గబగబా ఆవిణ్ణి దింపి, నేనే ఎక్కి కోసేను. గద్ద అప్పటికే గోళ్లు విదల్చడం మానేసింది. అత్తగారు రెక్కకి పసుపు అద్దేరు, ముక్కు దగ్గర నీళ్లు పెట్టేరు. తాగలేదు. భోజనాల వేళకి పోయింది. ఆ పూట ఆవిడ పులుసు వేసుకోలేదు.

వల విప్పేసేను.

నాలుగు రోజులకి కొబ్బరి దింపు తియ్యడానికి వచ్చినాయన చెట్టు దిగి, గొంతు తగ్గించి చెప్పేడు: “పైన గద్ద గూడుందండి. రెండు పిల్లలండి. ఒకటి చచ్చిపోయి ఉందండి. రెండోది నోరు తెరుస్తోంది గానీ, బతికేలా లేదండి.”

“ఏమంటున్నాడే?” లోపల్నించి అడిగేరు అత్తగారు.

“ఈసారి కాయ తక్కువుందిటండీ” అన్నాను.

ఆయన నా మొహంకేసి ఓసారి చూసి, “ఆయ్” అని తలొంచుకుని కాయలు పోగెయ్యడం మొదలెట్టేడు.

మరో రెండేళ్లకి అత్తగారు పోయేరు. అసలు సంగతి ఆవిడకి చెప్పనేలేదు. చెప్పుంటే తిట్టేవారేమో. తిట్టించుకోవలసింది.